మార్చి 31 దాటితే ప్రయోగం ఆగాల్సిందేనా?

సంపాదకుల వారికి,

ఫిబ్రవరి నెలాఖరు వచ్చిందంటే మన యూనివర్సిటీల సైన్సు విభాగాల్లో ప్రయోగాలు పక్కకు జరుగుతాయి, కొటేషన్లు ముందుకొస్తాయి. ప్రాజెక్టుకు ఇచ్చిన ఖర్చు పరిమితిని మార్చి 31లోగా వాడకపోతే అది మురిగిపోతుంది. కాబట్టి అందరూ ఒకేసారి కొంటారు. యాంటీబాడీలు, ఎంజైములు, కిట్లు మైనస్ 20 ఫ్రీజర్లలో కుక్కేస్తారు. వాటిలో సగం గడువు తీరేలోగా వాడతారో లేదో వాళ్లకే తెలియదు. ఏప్రిల్ వచ్చాక సీను తిరగబడుతుంది. కొత్త పరిమితి నెలల తరబడి రాదు, పిపెట్ టిప్పుల పెట్టె కొనాలన్నా అప్పే.

పరిశోధనకు కేంద్రం ఎన్ని వేల కోట్లు ప్రకటించిందన్నది పతాక శీర్షికవుతోంది. ఆ డబ్బు ఏ నెలలో, ఏ ఖాతా గుండా, ఎన్ని సంతకాలు దాటి ల్యాబుకు చేరుతోందన్నది ఎక్కడా రావడం లేదు. ఇటీవల మారిన నిధుల విధానాల దెబ్బ మొత్తాల మీద కన్నా ఈ దారి మీదే ఎక్కువ పడింది. అందులోనూ వెనక సొంత నిధి లేని రాష్ట్ర యూనివర్సిటీల మీద.

పాత పద్ధతిలో ప్రాజెక్టు మంజూరైతే ఏడాదికి సరిపడా విడత యూనివర్సిటీ బ్యాంకు ఖాతాలో పడేది. మిగిలినది అనుమతితో మరుసటి ఏడాదికి తీసుకెళ్లేవారు. 2022లో కేంద్ర ఆర్థిక శాఖ సెంట్రల్ నోడల్ ఏజెన్సీ పద్ధతి తెచ్చింది. డబ్బు ఆ పథకం బాధ్యత అప్పగించిన నోడల్ ఏజెన్సీ ఖాతాలోనే ఉంటుంది. యూనివర్సిటీకి ఇచ్చేది జీరో బ్యాలెన్సు ఖాతా, అందులో ఇంతవరకు వాడుకోవచ్చన్న పరిమితి. పథకానికో ఖాతా, అదీ వాళ్లు చెప్పిన బ్యాంకులో. ఖాతా తెరిచాక దాన్ని పీఎఫ్‌ఎంఎస్ అనే కేంద్ర చెల్లింపుల పోర్టల్లో ఆ పథకానికి మ్యాప్ చేయించాలి, అంటే జత చేయించాలి. ఖాతాదారు పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా మ్యాపింగ్ తిరిగొస్తుంది. ఆ తర్వాత బిల్లు ఎక్కించే వారొకరు, ఆమోదించే వారొకరు. ఇద్దరి డిజిటల్ సంతకాలూ పనిచేస్తుండాలి. కాగితపు పేమెంట్ అడ్వైజు (బ్యాంకుకు ఇచ్చే చెల్లింపు ఆదేశం) తీస్తే దాని ఆయుష్షు పది రోజులు. సంతకానికి వెళ్లిన ఫైలు పదకొండో రోజున దిగితే మళ్లీ మొదటికే.

ఇక్కడే రాష్ట్రాల సంగతి వస్తుంది. 2024 మే నుంచి అక్టోబరు దాకా తెలంగాణలోని పలు రాష్ట్ర యూనివర్సిటీలు ఇన్‌ఛార్జి వీసీలతో నడిచాయి. వేరే శాఖ బాధ్యతలు కూడా మోస్తున్న అధికారి టేబుల్ మీద రూ.18 వేల కెమికల్స్ బిల్లు ఏ వరుసలో ఉంటుందో ఊహించుకోవచ్చు. కేంద్రం గడియారం మార్చి 31కి కొడుతుంది, రాష్ట్రం గడియారం వీసీ నియామకానికి కొడుతుంది. ఈ రెంటి మధ్య నలిగేది ప్రాజెక్టు డబ్బుతో ఫెలోషిప్ అందుకునే పరిశోధకుడు, అంటే ప్రాజెక్టు ఫెలో.

కేంద్రం ఈ మార్పు ఊరికే తేలేదు. ప్రభుత్వం వడ్డీకి అప్పు తెచ్చుకుంటుంటే, దాని డబ్బే వేల ఖాతాల్లో కదలకుండా పడి ఉండేది. ఇచ్చిన డబ్బు ఎంత ఖర్చయిందో చెప్పే వినియోగ ధ్రువపత్రాలను ఏళ్ల తరబడి పంపని విభాగాలూ ఉన్నాయి, అది మన తప్పే. అయితే రోడ్డు పనికీ ప్రయోగానికీ ఒకే క్యాలెండర్ పెట్టడంలోనే చిక్కంతా ఉంది.

ఒక్క ఉదాహరణ. క్యాన్సర్ మీద పనిచేసే ల్యాబులో కణాలు మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంటాయి. డబ్బాలోకి చెక్క స్కేలు ముంచి తీసి గాలిలో ఊపితే, దాని మీద ఎంత మేర తెల్లగా మంచు పట్టిందో అంతవరకే నైట్రోజన్ ఉన్నట్టు. వారం పది రోజులకోసారి ఇలా కొలిచి నింపుతుండాలి. సరఫరాదారు రెండు మూడు బిల్లుల వరకు ఓపిక పడతాడు. ఏప్రిల్, మే, జూన్ బిల్లులు ఆగితే జులైలో బండి రాదు. స్కేలు మీద మంచు గీత అడుగుకు దిగాక కణాలు చస్తాయి. వాటిని మళ్లీ తెప్పించుకుని, పెంచి, కలుషితం కాలేదని పరీక్షించుకునే సరికి నెలలు పడుతుంది. ఈ నష్టం ఏ వినియోగ ధ్రువపత్రంలోనూ కనిపించదు. అందులో రాసేది ఖర్చయిన రూపాయే.

జీతాల సంగతి మరీ దారుణం. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలసరి మొత్తాన్ని 2023 జనవరి నుంచి రూ.31,000 నుంచి రూ.37,000కు పెంచారు, మంచిదే. కానీ పరిమితి రాకపోతే ఆ రూ.37,000 కాగితం మీదే ఉంటుంది. ఇన్‌స్పైర్ అనే కేంద్ర ఫెలోషిప్ పొందేవారు నెలల తరబడి డబ్బు అందక మొరపెట్టుకున్న సంగతి 2025లో పత్రికల్లోనే వచ్చింది. హాస్టల్ మెస్ బిల్లు మాత్రం ఏ నెలకానెల కట్టాల్సిందే.

పన్నుల ఊగిసలాట ఇంకో తలనొప్పి. ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధనా సంస్థలు కొనే పరికరాల మీద జీఎస్టీ 5 శాతం ఉండేది. ఆ రాయితీని 2022 జులై 18 నుంచి తీసేశారు. ఎక్కువ పరికరాలు 18 శాతంలోకి వెళ్లాయి. రూ.12 లక్షల పరికరం పాత లెక్కన రూ.12.60 లక్షలు, కొత్త లెక్కన రూ.14.16 లక్షలు. మంజూరు మొత్తం పెరగదు కాబట్టి ఆ రూ.1.56 లక్షలు కెమికల్స్ వంటి కన్స్యూమబుల్స్ పద్దులోంచి మళ్లించాలి. ఒక జేఆర్‌ఎఫ్ నాలుగు నెలల ఫెలోషిప్ కన్నా అది ఎక్కువ. మళ్లీ 2025 సెప్టెంబరులో భౌతిక, రసాయన విశ్లేషణకు వాడే పరికరాలను 5 శాతానికి దించారు. ఆ మూడేళ్లలో కొన్నవాళ్ల కర్మ. 2024 జులై బడ్జెట్లోనైతే ల్యాబొరేటరీ కెమికల్స్ దిగుమతి సుంకాన్ని 10 శాతం నుంచి ఏకంగా 150 శాతం చేశారు. ఆ పద్దు కింద ఆల్కహాల్ తెచ్చుకునేవారిని ఆపడానికట. ఎలుక కోసం ఇల్లు తగలబెట్టిన చందం. గగ్గోలు పుట్టాక పది రోజుల్లోపే, సొంత పరిశోధనకు తెచ్చుకునేవారికి షరతులతో మళ్లీ 10 శాతం చేశారు.

కొన్ని మార్పులు నిజంగా మేలు చేశాయి. 2025 జూన్‌లో కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని రూ.లక్ష నుంచి రూ.2 లక్షలకు పెంచారు. కొనుగోలు కమిటీ పరిమితి రూ.10 లక్షల నుంచి రూ.25 లక్షలకు వెళ్లింది. శాస్త్రీయ పరికరాలను ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్ బయట కొనుక్కునే అధికారాన్ని వీసీలకు, డైరెక్టర్లకు ఇచ్చారు. అయితే ఆ ఉత్తర్వు కేంద్ర సంస్థలను దృష్టిలో పెట్టుకుని ఇచ్చింది. రాష్ట్ర యూనివర్సిటీలో పాలక మండలి తీర్మానం చేస్తే తప్ప అకౌంట్స్ సెక్షన్ పాత పరిమితినే పట్టుకుని కూర్చుంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లు నమూనా తీర్మానం ఒకటి తయారుచేసి అన్ని యూనివర్సిటీలకూ పంపితే చాలు. పైసా ఖర్చు లేని పని.

పెద్ద చిత్రం చూస్తే, ప్రాజెక్టులకు గ్రాంట్లిచ్చిన కేంద్ర సంస్థ సెర్బ్ స్థానంలో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్‌కు 2023-28 మధ్య రూ.50,000 కోట్లు అన్నారు. అందులో కేంద్ర బడ్జెట్ వాటా రూ.14,000 కోట్లే. మిగతా రూ.36,000 కోట్లు పరిశ్రమలు, దాతల వంటి వారి నుంచి రావాలి. 2025లో ఆమోదించిన రూ.లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, నవకల్పన) నిధి ప్రధానంగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో ఇచ్చే దీర్ఘకాలిక రుణాల కోసం. యూనివర్సిటీ ల్యాబుకు వచ్చే గ్రాంటు కాదది. ఈ తేడా చెప్పకుండా శీర్షిక పెడితే, చదివిన తల్లిదండ్రులు పీహెచ్‌డీ చేస్తున్న పిల్లల్ని ‘లక్ష కోట్లిచ్చారుగా, మీకు జీతం రాలేదేం?’ అని అడుగుతున్నారు.

సామాజిక శాస్త్రాలకూ భాషలకూ ఈపాటి దారి కూడా మూసుకుపోయింది. యూజీసీ ఒకప్పుడు అధ్యాపకులకు ఇచ్చిన మేజర్, మైనర్ రీసెర్చ్ ప్రాజెక్టులు 12వ పంచవర్ష ప్రణాళికతోనే (2012-17) దాదాపు ఆగిపోయాయి.

చేయదగినవి లేకపోలేదు. మూడేళ్ల ప్రాజెక్టుకు పరిమితి మూడేళ్లకూ చెల్లాలి. కనీసం మార్చి 31 నాటికి పర్చేజ్ ఆర్డరు ఇచ్చేసిన వాటికైనా మురిగిపోకూడదు. విదేశీ పరికరానికి టెండరు గడువే నాలుగు వారాలు. పరిశీలన, ఆర్డరు, బ్యాంకు హామీ పత్రం (ఎల్‌సీ), రవాణా కలిపితే ఆరేడు నెలలు. ఆగస్టులో పరిమితి వస్తే అది మార్చిలోపు తెమలదు. రెండోది, పీఎఫ్‌ఎంఎస్‌లో ప్రతి రూపాయీ ఢిల్లీకి అప్పటికప్పుడే కనిపిస్తుండగా, కాగితపు ధ్రువపత్రం కోసం తర్వాతి విడత ఆపడంలో అర్థమేమిటి? ఆడిట్ తర్వాత చేసుకోవచ్చు.

రాష్ట్రాలు చేయాల్సింది తిరుగు నిధి. ఇరవై మంది ప్రాజెక్టు ఫెలోలున్న యూనివర్సిటీలో ఆరు నెలల ఫెలోషిప్ ముందుగా ఇవ్వడానికి కావాల్సింది రూ.44.40 లక్షలు. పరిమితి వచ్చాక ఆ డబ్బు నిబంధనల మేరకు తిరిగి జమవుతుంది. సౌకర్యాల వాడకానికి ప్రాజెక్టుల నుంచి యూనివర్సిటీకి వచ్చే ఓవర్‌హెడ్ మొత్తాలను జీతాలకూ పింఛన్లకూ సర్దేయకుండా ఒకచోట పెడితే దీనికి కొత్త బడ్జెట్ కూడా అక్కర్లేదు. కాకపోతే కేంద్ర పరిమితి నుంచి పాత చెల్లింపును రాబట్టుకునే వీలుందని నోడల్ ఏజెన్సీ రాతపూర్వకంగా చెప్పాలి. లేకపోతే ఏ ఫైనాన్స్ ఆఫీసరూ సంతకం పెట్టడు.

మీ విలేకరులకు ఒక మనవి. ఏ యూనివర్సిటీకి వెళ్లినా ఏదో ఒక ప్రాజెక్టు ఫైలు తీయించి మూడు తేదీలు అడగండి: మంజూరు ఉత్తర్వు ఎప్పుడొచ్చింది, ఈ ఏడాది పరిమితి ఎప్పుడు పడింది, ఫెలోకు చివరిగా డబ్బు ఎప్పుడు అందింది. ఆ మూడూ పక్కపక్కన అచ్చువేయండి.

ఇట్లు,
రాష్ట్ర యూనివర్సిటీల సైన్సు అధ్యాపకులు కొందరు,
హైదరాబాద్, విశాఖపట్నం