పాలకమండలి సభ్యుల సేవను రికార్డుకెక్కించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను ఈ రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంలో పరిపాలనా విభాగంలో పనిచేసి రిటైరైన ఉద్యోగిని. సర్వీసులో ఎక్కువ భాగం పాలకమండలి సమావేశాల పనే చూశాను. అజెండా తయారు చేయించడం, సభ్యులకు పంపడం, సమావేశంలో వెనక కుర్చీలో కూర్చుని నోట్స్ రాసుకోవడం, ఆ తర్వాత మినిట్స్ (సమావేశంలో జరిగినదాని అధికారిక రికార్డు) సిద్ధం చేయడం నా పని. ఇప్పుడు మీకు ఈ లేఖ రాయడానికి కారణం ఆంధ్ర విశ్వవిద్యాలయ శతాబ్ది. 1926 ఏప్రిల్ 26న పుట్టిన ఆ సంస్థ నూరేళ్ల పండగ సందర్భంగా పూర్వ విద్యార్థులను, ఆచార్యులను, దాతలను అందరూ తలుచుకుంటున్నారు. తలుచుకోవాల్సిందే. కానీ ఈ నూరేళ్లూ విశ్వవిద్యాలయాన్ని నడిపించే సభలైన సెనేట్‌లో, సిండికేట్‌లో, పాలకమండలిలో కూర్చుని సంస్థ మంచిచెడ్డలు చూసిన సభ్యుల మాట పెద్దగా వినబడదు. వాళ్లకు చేయాల్సిన గౌరవం ఒకటి బాకీ ఉంది. రాష్ట్రంలోని మిగతా విశ్వవిద్యాలయాలన్నీ కూడా ఇదే బాకీ పడి ఉన్నాయి. మీరు తలుచుకుంటే ఒక్క ఉత్తర్వుతో అది తీరుతుంది.

వైస్ చాన్సలర్ల పేర్లు మనకు తెలుసు. కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయ తొలి వైస్ చాన్సలర్ అని, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా పదవి వదులుకున్నారని, 1936లో మళ్లీ వచ్చారని చదువుకున్న తెలుగువాళ్లు చాలామంది చెప్పగలరు. మధ్యలో 1931 నుంచి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఉన్నారనీ తెలుసు. ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారి పేరు సైన్స్ కాలేజీకి ఉంది. వి.ఎస్. కృష్ణ గారి పేరు లైబ్రరీకి ఉంది. ఇవన్నీ ఉండాల్సిన పేర్లే.

అయితే ఆ రోజుల్లో వైస్ చాన్సలర్‌ను ఎన్నుకున్నది సెనేట్. రాధాకృష్ణన్ గారంతటి వారు వాల్తేరు (విశాఖపట్నం) వచ్చారంటే, ఆయన కావాలని పట్టుబట్టి ఓటేసిన సభ్యులు ఉండబట్టే. విశ్వవిద్యాలయం మొదట బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు మారింది. అది ఏ ఊళ్లో ఉండాలన్న వాదన చిన్నది కాదు. కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందంలో కూడా వాల్తేరుతో పాటు అనంతపురంలో ఒక విశ్వవిద్యాలయ కేంద్రం కావాలన్న అంశం చేరిందంటే ఆ పట్టుదలలు ఎంత గట్టివో ఊహించుకోవచ్చు. సీమ పిల్లలు ఎక్కడ చదవాలి, కోస్తా పిల్లలు ఎంత దూరం వెళ్లాలి అన్నది ఇలాంటి చర్చల్లోనే తేలింది. వాటిలో మాట్లాడిన సభ్యులు ఎందరో. పాత ప్రొసీడింగ్స్ పుస్తకాలు తిరగేస్తే తప్ప వాళ్లెవరో ఈ తరానికి తెలిసే దారి లేదు.

1991 విశ్వవిద్యాలయాల చట్టంతో పరిస్థితి మారింది. ఎన్నికైన సభ్యులుండే సెనేట్, సిండికేట్ల స్థానంలో పాలకమండలి వచ్చింది. అందులో కొందరు హోదా రీత్యా కూర్చునే అధికారులు, మిగతావారు ప్రభుత్వం నామినేట్ చేసేవారు. వీరి పదవీకాలం మూడేళ్లు. ఈ మార్పు మంచిదా కాదా అన్నది వేరే చర్చ, దానికి ఇంకో లేఖ కావాలి. కానీ దాని ఫలితం ఒకటి నేను దగ్గర నుంచి చూశాను. పాలకమండలి సభ్యత్వం అంటే బయట జనానికి "పదవి ఇచ్చారు" అన్నట్టుగా అయిపోయింది. ప్రకటన వచ్చిన రోజు ఊళ్లో ఫ్లెక్సీలు కడతారు. ప్రభుత్వం మారిన రోజు రాజీనామాల గురించి మాట్లాడుకుంటారు. ఈ మధ్యలో ఆ మనిషి బడ్జెట్ చదివాడా, లెక్కలు అడిగాడా, నియామకాల ఫైలు చూశాడా అని ఎవరూ పట్టించుకోరు.

పట్టించుకోవాలి. ఎందుకంటే విశ్వవిద్యాలయం భూములకు, డబ్బుకు, నియామకాలకు చట్టం ప్రకారం బాధ్యత పాలకమండలిదే. 2024లో ప్రభుత్వం మారాక చాలా విశ్వవిద్యాలయాల్లో వైస్ చాన్సలర్లు రాజీనామా చేశారు. 2025 ఫిబ్రవరిలో తొమ్మిదింటికి కొత్తవారు వచ్చేదాకా ఇన్‌చార్జులతోనే నడిచింది. తెలంగాణలో 2019 నుంచి 2021 మే దాకా ఇదే కథ. అక్కడ ఐఏఎస్ అధికారులు ఇన్‌చార్జులుగా ఉన్నారు. పైన కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు సంస్థకు నిలకడ ఇవ్వాల్సింది పాలకమండలి కాక ఇంకెవరు? 2021లో విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి చెందిన సుమారు 400 కోట్ల రూపాయలను రాష్ట్ర ఆర్థిక సేవల సంస్థకు బదిలీ చేసినప్పుడు ఉద్యోగులు రోడ్డెక్కారు. అలాంటి సమయాల్లో పాలకమండలిలో ఎవరు ఏం అడిగారు, ఏం జవాబు వచ్చింది అన్నది ప్రజలు చదవగలిగేలా ఉండాలని నా కోరిక.

ఇప్పుడు మినిట్స్ ఎలా ఉంటాయో చెబుతాను, ఎందుకంటే నేను రాసినవే కొన్ని వందల పేజీలు ఉంటాయి. అంశం నంబరు ఉంటుంది, అంశం ఏమిటో ఉంటుంది, కింద ఒకటే వాక్యం: "చర్చించి ఆమోదించడమైనది." గంటన్నర వాదన జరిగినా అదే వాక్యం, నిమిషంలో అయిపోయినా అదే వాక్యం. అలా రాయమనే పైనుంచి ఆదేశం. చర్చ వివరాలు రాస్తే ఆడిట్‌కూ కోర్టుకూ దొరుకుతాయని భయం.

నేను పనిచేసిన చోట ఒక సభ్యురాలు ఉండేవారు. అనుబంధ డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగి, గెస్ట్ హౌస్‌లో స్నానం చేసి సమావేశానికి వచ్చేవారు. అజెండా కాగితాలు ముందు రోజు సాయంత్రం అందితే బస్సులోనే చదివి పెన్సిల్‌తో గీతలు గీసుకొచ్చేవారు. ఒకసారి పరీక్షల జవాబు పత్రాల కొనుగోలు విషయం అజెండాలో లేకుండా టేబుల్ ఐటెంగా అప్పటికప్పుడు పెట్టారు. గత ఏడాది రేటు ఎంత, తక్కువ కోట్ చేసిన వాళ్లను ఎందుకు పక్కన పెట్టారు అని ఆవిడ అడిగారు. జవాబు రాలేదు. ఫైలు తెప్పించమన్నారు. ఫైలు వచ్చేదాకా సంతకం చేయనన్నారు. ఆ అంశం వాయిదా పడింది, మళ్లీ టెండర్ పిలిచారు, రేటు తగ్గింది. మినిట్స్‌లో ఉన్నది "తదుపరి సమావేశానికి వాయిదా వేయడమైనది" అని. ఎవరి వల్ల వాయిదా పడింది, ఎందుకు పడింది, దానివల్ల విశ్వవిద్యాలయానికి మిగిలింది ఎంత, ఒక్క ముక్క లేదు. పదవీకాలం అయిపోయిన రోజు ఆవిడకు శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి, గ్రూప్ ఫోటో తీశారు. మూడేళ్లలో అరుదుగా హాజరైన వారికీ అదే శాలువా, అదే మెమెంటో. ఆవిడ ప్రయాణ ఖర్చుల (టీఏ) బిల్లులు కొన్ని అప్పటికి ఇంకా ఆడిట్‌లోనే ఉన్నాయి.

మంత్రి గారూ, శాలువాలు మానేయమని నేను అనను. పెద్దవారిని సత్కరించడం మన మర్యాద. కానీ పనిచేసిన వారికీ చేయని వారికీ తేడా చూపని సత్కారం పనిచేసిన వారిని నొప్పిస్తుంది. ఆవిడకు నిజంగా చేయదగ్గ గౌరవం ఏమిటంటే, ఆవిడ అడిగిన ప్రశ్నను, దానివల్ల వచ్చిన ఫలితాన్ని ఆవిడ పేరుతో విశ్వవిద్యాలయం రికార్డులో రాసిపెట్టడం. రేపు ఆవిడ మనవరాలు అదే విశ్వవిద్యాలయంలో చేరి ఆ పేజీ తీసి చదవగలగడం.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. పదవీకాలం ముగిసిన ప్రతి సభ్యుడి మీదా పాలకమండలి ఒక తీర్మానం చేయాలి. "వీరి అమూల్య సేవలను కొనియాడుతూ" అన్న ముద్రించిన వాక్యం కాకుండా, ఎన్ని సమావేశాలకు వచ్చారు, ఏ కమిటీల్లో ఉన్నారు, ఏ నిర్ణయంలో వారి పాత్ర ఏమిటి అన్నది వివరంగా ఉండాలి. హాజరు పట్టిక అందులో తప్పనిసరిగా చేర్చాలి. హోదా రీత్యా సభ్యులైన అధికారుల హాజరు కూడా అదే పట్టికలో ఉండాలి, ఎందుకంటే ఆర్థిక శాఖ మాట అవసరమైన రోజునే ఆ కుర్చీ ఖాళీగా ఉండడం నేను చూశాను. సభ్యుడు ఏదైనా నిర్ణయంతో విభేదించి కారణాలు రాసిస్తే ఆ కాగితం మినిట్స్‌లో యథాతథంగా చేరాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎన్నికైన పాలకమండలి సభ్యులు అసమ్మతి నోట్ ఇస్తే అది మర్నాడు పత్రికల్లో వస్తుంది. దానివల్ల ఆ విశ్వవిద్యాలయం కూలిపోలేదు. అక్కడి మినిట్స్ వెబ్‌సైట్‌లోనూ ఉంటాయి. మనకూ చట్టం అడ్డు కాదు. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం, సంస్థలో ఏయే మండళ్లు, కమిటీలు ఉన్నాయో, వాటి మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయో లేదో ఎవరూ అడగకముందే సంస్థే చెప్పాలి.

దీనికి ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. ఎవరు ఏం మాట్లాడారో పేర్లతో రాస్తే సభ్యులు నోరు విప్పరు, బయట ఒత్తిళ్లు వస్తాయి అంటారు. అందులో నిజం ఉంది. సెలక్షన్ కమిటీ విషయాలు, క్రమశిక్షణ చర్యలు పూర్తయ్యే దాకా గోప్యంగానే ఉండాలి. మిగతా అంశాల్లో సభ్యుడు తన మాట రికార్డు చేయమని కోరితే మాత్రం చేయాలి, కోరకపోతే వదిలేయొచ్చు. ఇప్పుడున్న పద్ధతిలో కోరినా రాయరు. మౌనంగా ఉన్నవాళ్లకు రక్షణ ఉంది, అడిగినవాళ్లకు లేదు. ఇది తిరగబడాలి.

ఇంకో విషయం కాస్త కఠినంగానే చెబుతున్నాను, క్షమించండి. సేవను గుర్తించడం అంటే పదవిలో ఉన్న సభ్యుడికి అదే విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇవ్వడం కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పండితులకు, కవులకు, కళాకారులకు ఇచ్చిన కళాప్రపూర్ణ గౌరవ పట్టాకు ఎంత విలువ ఉండేదో పాతతరానికి తెలుసు. ఆ విలువ ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ మధ్య ఉన్న దూరం వల్లే వచ్చింది. పాలకమండలి సభ్యులకు, వారి బంధువులకు పదవీకాలంలోనూ, ఆ తర్వాత కొన్నేళ్లపాటూ ఇలాంటి పట్టాలు, భవనాలకు పేర్లు ఉండవని ఉత్తర్వులోనే స్పష్టం చేయండి. నిజాయితీగా పనిచేసిన సభ్యులు దీన్ని అవమానంగా అనుకోరు. వాళ్ల పేరు మీద పడే అనుమానాన్ని ఇది ముందే తీసేస్తుంది.

పదవిలో ఉండగా వారికి దక్కాల్సిన కనీస మర్యాద కూడా ఒకటి ఉంది. అజెండా కనీసం పది రోజుల ముందు అందాలి. టేబుల్ ఐటెంలు నిజమైన అత్యవసరాలకే పరిమితం కావాలి. అత్యవసర అధికారంతో వైస్ చాన్సలర్ తీసుకున్న నిర్ణయాలు తర్వాత ఆమోదానికి వచ్చినప్పుడు అత్యవసరం ఏమిటో కూడా రాయాలి. సమావేశం విశ్వవిద్యాలయంలోనే జరగాలి. అధికారుల వీలు కోసం రాజధానిలో హోటల్ గదుల్లో పెడితే ఫైలు అడిగిన సభ్యుడికి ఫైలు దొరకదు. 2023లో తెలంగాణ విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రార్ ఎవరన్న దానిపై వైస్ చాన్సలర్‌ది ఒక మాట, పాలకమండలిది ఒక మాట అయినప్పుడు నిజామాబాద్ విద్యార్థులు, ఉద్యోగులు నెలల తరబడి ఎంత టెన్షన్ పడ్డారో పత్రికల్లో చదివాం. ఎవరి అధికారం ఎంతవరకో, ఏ సమావేశంలో ఏం తీర్మానించారో స్పష్టమైన రికార్డు ఉన్నచోట అలాంటి తగాదా అంత దూరం పోదు.

2020 జాతీయ విద్యావిధానం రేపు ఉన్నత విద్యాసంస్థలన్నింటినీ బోర్డ్ ఆఫ్ గవర్నర్స్ చేతిలో పెడతామంటోంది. సమర్థులు, అంకితభావం ఉన్నవారు ఆ బోర్డులో ఉండాలని, రికార్డులు తమంత తాము బయటపెట్టాలని కూడా అందులో ఉంది. అలాంటివారు ఎక్కడి నుంచి వస్తారు? ఇప్పటిదాకా పాలకమండళ్లలో బాగా పనిచేసినవారు ఎవరో రాసి ఉంటేనే కదా వెతకగలం. ఒకసారి సభ్యత్వం ఇవ్వజూపితే "అక్కడ మన మాట ఎవరు వింటారండీ" అని వద్దన్న మంచి ఆచార్యులను, డాక్టర్లను, ఇంజనీర్లను నేను ఎరుగుదును. విన్నారని, రాసుకున్నారని తెలిస్తే వాళ్లు వస్తారు.

చివరిగా శతాబ్ది సంగతి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పాత సెనేట్, సిండికేట్ ప్రొసీడింగ్స్‌ను స్కాన్ చేయించండి. 1926 నుంచి ఇప్పటిదాకా సభ్యులైన వారందరి పేర్లు, కాలం, వాళ్లు ప్రతిపాదించిన తీర్మానాలు ఒక పుస్తకంగా, వెబ్‌సైట్‌లోనూ వేయించండి. చరిత్ర, లైబ్రరీ సైన్స్ విభాగాల పరిశోధక విద్యార్థులకు స్టైపెండ్ ఇచ్చి ఈ పని అప్పగిస్తే ఏడాదిలో అవుతుంది. ఆ కాగితాలు పెళుసుబారక ముందే చేయాలి. తిరుపతి, అనంతపురం, నాగార్జున విశ్వవిద్యాలయాల్లోనూ ఇదే పని వరసగా చేపట్టవచ్చు. పాలకమండలి విభాగాల్లో పనిచేసి రిటైరైన నాబోటి వాళ్లం ప్రతి జిల్లాలో ఉన్నాం. పాత ఫైళ్లు ఎక్కడున్నాయో, ఏ రిజిస్టర్‌లో ఏముందో చెప్పడానికి పిలిస్తే వస్తాం. మాకు గౌరవ వేతనం అక్కర్లేదు.

వచ్చే స్నాతకోత్సవాల లోపు ఈ ఉత్తర్వు వెలువడేలా చూడాలని, ఉన్నత విద్యామండలి ద్వారా అన్ని విశ్వవిద్యాలయాల రిజిస్ట్రార్లకు పంపాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్వవిద్యాలయ రిటైర్డ్ ఉద్యోగి