టాపెట్ శబ్దం తగ్గించబోయి పికప్ పోగొట్టాం: మా షాపు కస్టమర్లకు ఒక మాట

నమస్తే. నర్సీపట్నంలో మా షాపుకి బండి తెచ్చేవాళ్లందరికీ ఈ సంగతి నా నోటితో నేనే చెప్పాలి, ఇంకెవరో చెప్పగా మీరు వినకూడదు. మొన్న సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మా దగ్గర టాపెట్లు (ఇంజిన్ వాల్వుల దగ్గర సందు సరిచేసే స్క్రూలు) సెట్ చేయించుకున్న బండ్లలో కొన్నిటికి మేం బిగింపు ఎక్కువ చేసేశాం. వాటికి పికప్ తగ్గడానికి కారణం అదే. తప్పు మాదే. ఆ రోజుల్లో టాపెట్ పని చేయించుకున్నవాళ్లు, బండి బాగానే ఉందనిపించినా సరే, ఒకసారి తీసుకురండి, రూపాయి తీసుకోకుండా మళ్లీ చూసి పెడతాను.

ఇది ఎలా బయటపడిందో చెప్తాను, ఎందుకంటే మీ బండి లాగకపోతే మీరు ఏం గమనించాలో కూడా ఇందులోనే ఉంది.

మాకు పాత కస్టమర్ ఒకాయన ఉన్నారు, బాబాయ్ అని పిలుస్తాను. 100 సీసీ బండి, 2018 మోడల్, కార్బొరేటర్‌దే. వెనక బట్టల మూటలు కట్టుకుని డౌనూరు మీదుగా ఘాట్ ఎక్కి లంబసింగి, చింతపల్లి వైపు సంతలకి పోతారు. జనవరి ఆఖర్లో వచ్చి ఇంజిన్ టకటకమంటోంది అన్నారు. సాయంత్రం రద్దీలో, బండి ఇంకా వేడిగా ఉండగానే, మా కుర్రాడు టాపెట్ మూతలు విప్పి శబ్దం పోయేదాకా బిగించి ఇచ్చేశాడు. బాబాయ్ కూడా మెచ్చుకుని వెళ్లారు.

మూడు వారాలకి మళ్లీ వచ్చారు. "బాబూ, ఘాట్‌లో సెకండ్ గేర్ లాగట్లేదు, ఫస్ట్‌లో పాకుకుంటూ పోతున్నాను" అన్నారు. నేను అందరూ చేసేదే చేశాను. కార్బొరేటర్ విప్పి జెట్లు క్లీన్ చేశాను, ప్లగ్ మార్చాను, ఎయిర్ ఫిల్టర్ మార్చాను, అన్నీ కలిపి 1,150 తీసుకున్నాను. షాపు ముందు రోడ్డు మీద ఒక రౌండ్ వేస్తే బాగానే పోయింది. నాలుగో రోజు ఫోన్, అదే కథ. ఈసారి బోరు పని (అరిగిన సిలిండర్ బాగుచేసే పని) చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. బోరు అంటే ఆయనకి రెండు వారాల సంపాదన. అది తలుచుకుని ఆగాను, ముందు బండి నేనే నడిపి చూస్తానన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన మూటలు కట్టుకునే బరువుకి సరిపడా ఇసక సంచి కట్టుకుని బయల్దేరాను. డౌనూరు దాకా ఏ లోటూ లేదు. ఘాట్ మొదలైన కాసేపటికి దమ్ము తగ్గడం మొదలైంది, యాక్సిలరేటర్ తిప్పుతున్నా ఇంజిన్ మూలుగుతుందే తప్ప బండి ముందుకి తోయట్లేదు. (అక్కడ ఎత్తు వెయ్యి మీటర్ల దాకా ఉంటుంది, గాలి పలచబడుతుంది కాబట్టి మంచి బండికైనా పవర్‌లో పదో వంతు దాకా తగ్గుతుంది. ఇది అంతకన్నా చాలా ఎక్కువ.) పైకి చేరి ఆపి మళ్లీ కిక్ కొడితే కాలు ఏ అడ్డూ లేకుండా కిందికి జారిపోయింది. ఇంజిన్‌లో కంప్రెషన్, అంటే గాలిని నొక్కిపట్టే ఒత్తిడి, ఉంటే కిక్కర్ కాలికి ఎదురు తంతున్నట్టు ఉండాలి. పక్కన టీ తాగి, గంటన్నర కూర్చుని, ఇంజిన్ మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లబడ్డాక మళ్లీ కొట్టాను. ఈసారి గట్టిగా ఉంది. అప్పుడు అర్థమైంది. అరిగిన బోరు చల్లబడితే బాగుపడదు. ఇక్కడ వేడెక్కితే ఏదో తెరుచుకుపోతోంది, చల్లబడితే మూసుకుంటోంది. అది వాల్వే.

ఇంజిన్‌లో గాలి, పెట్రోలు లోపలికి రావడానికి ఒక వాల్వ్, పొగ బయటికి పోవడానికి ఒక వాల్వ్ ఉంటాయి. వాటిని తొక్కే రాకర్‌కీ వాల్వ్ కొనకీ మధ్య కొంచెం సందు వదలాలి, మోడల్‌ని బట్టి మారుతుంది గానీ సుమారుగా రాసుకునే కాగితం మందమంత. ఆ సందు ఎందుకంటే వాల్వ్ వేడికి సాగుతుంది, పొగ వాల్వ్ ఇంకా ఎక్కువ సాగుతుంది. సందు లేకపోతే సాగిన వాల్వ్ రాకర్‌కి ఆనుకుని పూర్తిగా మూసుకోదు. మంట మండాల్సిన సమయంలో ఒత్తిడి అలా మూసుకోని వాల్వ్ అంచులోంచి సైలెన్సర్‌లోకి పోతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. వాల్వ్ తన వేడిని ముఖ్యంగా సీటుకి (మూసుకున్నప్పుడు అది కూర్చునే రింగుకి) ఆనినప్పుడే వదిలించుకుంటుంది, 6,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 50 సార్లు అది సీటు మీద కూర్చుని లేస్తుంది. సరిగ్గా కూర్చోకపోతే చల్లబడదు, అంచు కాలిపోతుంది. బాబాయ్ బండికి అదే మొదలైంది.

బండి రాత్రంతా షాపులో పెట్టి పొద్దున ఆరింటికి మూతలు విప్పాను. పొగ వాల్వ్ వైపు ఫీలర్ గేజ్‌లో (సందు కొలిచే పలచని రేకుల కట్ట) అన్నిటికన్నా పలచని రేకు కూడా దూరలేదు. వాల్వులుండే ఇంజిన్ పైభాగం, హెడ్ దింపి, బోర్లా పెట్టి, పొగ పోయే దారిలో (పోర్టులో) పెట్రోలు పోసి చూస్తే వాల్వ్ అంచు దగ్గర కారుతోంది. అదృష్టం, లోతుగా కాలలేదు. పేస్టు పెట్టి వాల్వ్ గ్రైండింగ్ చేసి, కారడం ఆగిందాకా మళ్లీ మళ్లీ చూసి, కొత్త గాస్కెట్ వేసి బిగించాను. ఆ పనికి ఏమీ తీసుకోలేదు, ముందు తీసుకున్న 1,150 తిరిగి ఇచ్చేశాను. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా బాబూ" అన్నారాయన. ఆ మాటకే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా నోటు పుస్తకంలో అలాంటి టాపెట్ పనులు ఇంకా చాలా ఉన్నాయి.

మా కుర్రాడిని ఎవరూ ఏమీ అనొద్దు. వాడికి నేర్పింది నేను. చెవితో విని, వేలితో కదిపి చూసి సెట్ చేయడం మా గురువు గారి దగ్గర నేను నేర్చుకున్న పద్ధతి, ఆయన చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి ఆయనకి సరిపోయింది. నేను మాత్రం ఫీలర్ గేజ్ డబ్బాలోనే ఉంచి, సాయంత్రం ఆరింటికి వేడి బండి మీద అదే పని చేయించాను. పైగా టాపెట్ స్క్రూ కదలకుండా పట్టే లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా దాంతో పాటు కొంచెం తిరుగుతుంది, సందు ఇంకా తగ్గుతుంది. బిగించాక మళ్లీ కొలవాలి. మేం కొలవలేదు.

ఇప్పుడు మార్చినవి చెప్తాను. టాపెట్ పనికి బండి ముందు రోజు రాత్రే షాపులో వదలాలి, లేదా పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తోసుకుని తేవాలి. నా దగ్గరున్న మాన్యువల్‌లో ఇంజిన్ 35 డిగ్రీల లోపు ఉన్నప్పుడే కొలవమని రాసి ఉంది, మన ఎండాకాలంలో మధ్యాహ్నం ఆ మాటే కుదరదు, అందుకే పొద్దున ఎనిమిదింటి లోపు మాత్రమే చేస్తాం. మాగ్నెట్ చక్రం మీద టీ గుర్తు (పిస్టన్ పై కొసకి వచ్చిందని చూపేది) కలిపి, రెండు రాకర్లూ వదులుగా ఉన్నాయో లేదో చూసి, కంపెనీ చెప్పిన కొలతకే సెట్ చేస్తాం. ఆ కొలతలో మీ బండి కొంచెం టిక్కుటిక్కుమంటే అలాగే ఇస్తాను. దయచేసి ఆ శబ్దం కూడా లేకుండా చేయమని అడగొద్దు. శబ్దం పెరిగితే అందరికీ వినిపిస్తుంది, కానీ ఏళ్ల తరబడి నడిచిన బండికి వాల్వ్ సీటులోకి దిగిపోయి సందు తనంతట తానే తగ్గొచ్చు, అప్పుడు బండి ఇంకా నెమ్మదిగా, తియ్యగా వినిపిస్తుంది. ప్రమాదం అక్కడే.

పికప్ లేదని వచ్చే ప్రతి బండికీ ఏదైనా విప్పేముందు కొన్ని చూసి తీరాలని కూడా పెట్టుకున్నాం. న్యూట్రల్‌లో తోస్తే తేలిగ్గా పోతోందా, లేక బ్రేకు పట్టేస్తోందా? ఇంజిన్ రేసు పెరిగి బండి స్పీడు పెరగకపోతే అది క్లచ్ జారడం, దానికి కార్బొరేటర్‌తో పని లేదు. బైకులో కారు ఆయిల్ పోసినవాళ్లకి ఇలా జరగొచ్చు, డబ్బా మీద జాసో ఎంఏ (బైకు క్లచ్‌కి సరిపోయే ఆయిల్ అనే గుర్తు) అని ఉందో లేదో చూసుకోండి. పది పదిహేను నిమిషాలు నడిచాక ఆగిపోయి, ట్యాంకు మూత తీయగానే ఉస్సుమని గాలి పీల్చుకుని మళ్లీ నడిస్తే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినట్టే, దానికి ఖర్చే లేదు. 2020 తర్వాత వచ్చిన ఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఉండే) బండ్లవాళ్లు మీటర్లో ఇంజిన్ లైటు వెలగలేదు కాబట్టి ఇంజిన్ బాగుందనుకోవద్దు, టాపెట్ బిగుసుకున్నా లైటు వెలగకపోవచ్చు.

మీరు కూడా వచ్చినప్పుడు "పికప్ లేదు" అని ఒక్క మాట అనేసి తాళం ఇచ్చి వెళ్లిపోకండి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? బరువుతోనా, ఖాళీగానా? వేడి మీద కిక్ గట్టిగా ఉందా, వదులుగా ఉందా? ఈ మూడూ చెప్తే నాకు సగం పని అయిపోతుంది, మీకు అనవసరమైన పార్టుల ఖర్చు తప్పుతుంది.

పుస్తకంలో నంబర్లు ఉన్నవాళ్లకి రోజుకి నలుగురైదుగురికి ఫోన్ చేస్తున్నాను. నంబరు మార్చినవాళ్లకి, ఊళ్లో లేనివాళ్లకి అందకపోవచ్చు, మీకు తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు. ఆ టాపెట్ పని తర్వాత పికప్ కోసం మాకు కార్బొరేటర్‌కో ప్లగ్‌కో డబ్బులు కట్టి ఉంటే, బండిలో టాపెట్ బిగుసుకుని ఉందని తేలితే ఆ డబ్బులు వెనక్కి ఇస్తాను. వాల్వ్ కాలి ఉంటే ఆ పనీ, సామానూ నా ఖర్చే. ఆదివారం తప్ప రోజూ పొద్దున ఆరింటి నుంచి షాపు తెరిచే ఉంటుంది, రోజుకి మూడు బండ్లే చేయగలం కాబట్టి ముందు రోజు ఒక ఫోన్ చేసి రండి. ఘాట్ ఎక్కే బండ్లు, బరువులు మోసే బండ్లు ముందు తీసుకుంటాను, మిగతావాళ్లు ఒకటి రెండు రోజులు ఓపిక పట్టండి.