టైపు మిషను అక్కకు

కోర్టు గేటు పక్కన వేపచెట్టు కింద టైపు కొట్టే అక్కా, నీ పేరు అడగడం కూడా మర్చిపోయాను.

ఆ రోజు నేను విడాకుల అర్జీ కొట్టించుకోవడానికి వచ్చాను. "సర్దుకుపోమ్మా, సంసారమన్నాక మామూలే" అని పెద్దమనుషులు 3 సార్లు పంచాయితీ పెట్టి పంపిన ఇంట్లోనే నా చెయ్యి విరిగింది. కట్టు చూసి నువ్వు వేళ్లు ఆపేశావు. "విడాకుల సంగతి తర్వాత. ముందు నిన్ను ఇంట్లోంచి గెంటకుండా చూసుకో" అన్నావు. 2005 గృహహింస చట్టం 12వ సెక్షను కింద మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టొచ్చనీ, ఇల్లు అత్తగారి పేరున ఉన్నా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఉంటుందనీ నాకు చెప్పింది నువ్వే. (2020లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే అన్నదని తర్వాత తెలిసింది.) ఈ చట్టం కింద బాధితులకు సాయం చేసే రక్షణాధికారి ఆఫీసుకు దారి అట్టముక్క మీద గీసిచ్చావు.

60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. నాకు 14 నెలలు పట్టింది. వాయిదాలు, ఏం చెప్పమంటావులే. ఉత్తర్వు మాత్రం వచ్చింది.

డబ్బులివ్వబోతే "గెలిచాక టీ తాగించు" అన్నావు. మొన్న వచ్చాను. చెట్టు కింద నీ బల్ల లేదు. ఎక్కడున్నావక్కా?