పళ్ళ సందు చిగురును గుచ్చకుండా కొలవడానికి సాయం చేసినవాళ్ళకు

పళ్ళ సందులో చిగురు ఎత్తు కొలవాలంటే మత్తు సూది వేసి, ఎముక తగిలేదాకా ప్రోబ్ (కొలత గీతలున్న సన్నటి పుల్ల) గుచ్చడం పాత పద్ధతి. గుచ్చకుండా ఎట్లా కొలవాలని అడిగితే దారి చూపిన అందరికీ, తిరుపతి దంతవైద్యులం నలుగురం చేతులెత్తి మొక్కుతున్నాం.

మొదటి దండం ఎక్స్‌రేలో తెల్లగా కనబడే బేరియం సల్ఫేట్ పొడి ఇచ్చిన ఎక్స్‌రే అన్నకు. చిగురు ఎక్స్‌రేలో కనబడదు, అందుకే దాని కొసకు గుర్తు పెట్టాలి. రూట్ కెనాల్ సీలర్‌లో (పంటి వేరు గొట్టాన్ని మూసే ముద్దలో) ఈ పొడి కలిపి, గరిటెకు అంటుకొని జారనంత గట్టిగా చేసి, ఆవగింజలో సగమంత ప్రోబ్ మొనతో కొస మీద పెట్టాలి. ముందు దూది చుట్టలు పెట్టి, గాజుగుడ్డతో ఎంగిలి తుడవాలి. తడి ఉంటే ముద్ద జారి సందులోకి దిగుతుంది, కొస ఎక్కడో తెలీదు. ఎక్కువ పెట్టినా అదే తంటా.

కొలబద్దకు 2 మి.మీ. గుండ్లు ఊరికే ఇచ్చిన బేరింగుల అంగడి పెద్దాయనకు, ఆ గుండుతోనే తృప్తిపడొద్దని చెప్పిన క్లిప్పుల డాక్టరమ్మకు ఎంతో రుణపడ్డాం. ఎక్స్‌రే ట్యూబు వాలినా గుండు దాదాపు గుండ్రంగానే కనబడుతుంది, దూరం మాత్రం సాగడమో కుంచించుకుపోవడమో జరుగుతుంది. అందుకే 5 మి.మీ. తీగముక్కను పంటి నిలువు దిశలో, సందుకు ఆనుకొని మైనంతో అంటించమన్నారామె. అప్పుడు తీగా చిగురూ ఒకే లెక్కన సాగుతాయి, కుంచించుకుంటాయి. తీగ 5.5గా, ముద్ద నుంచి ఎముక అంచు దాకా 4.4గా కనబడితే, 4.4ను 5తో గుణించి 5.5తో భాగిస్తే అసలు ఎత్తు 4 మి.మీ. ఫిల్మును పంటికి సమాంతరంగా పట్టి ఉంచే పారలలింగ్ హోల్డర్ మాత్రం తప్పనిసరి.

అర మిల్లీమీటరు కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, 1992లో దంతవైద్య పరిశోధకుడు టార్నో బృందం చూపిన లెక్క అట్లాంటిది. పళ్ళు ఆనుకునే చోటు నుంచి ఎముక దాకా 5 మి.మీ. లోపుంటే చిగురు దాదాపు ప్రతిసారీ సందు నింపింది. 6 అయితే 56 శాతం, 7 అయితే 27 శాతమే. ఆ దూరమూ ఇదే ఫిల్ములో దొరుకుతుంది. నల్లసందు (చిగురు నిండక పళ్ళ మధ్య మిగిలే ఖాళీ) పూడ్చే ముందు, ఇంప్లాంట్ పెట్టే ముందు ఎట్లాగూ తీసే ఎక్స్‌రేలోనే ఇది చూసుకోవచ్చు, దీనికోసమే ఇంకొకటి తీయొద్దు. చిగురు మందం మాత్రం ఇందులో తెలీదు.

పని కాగానే ముద్దను తడి గాజుగుడ్డతో పూర్తిగా తుడవాలి. చంద్రగిరి నుంచి బస్సెక్కి వచ్చి, నోరు తెరిచి ఓపిగ్గా కూర్చున్న అవ్వకు, ఆమె మనవరాలికి మరీమరీ కృతజ్ఞతలు. ముద్ద ఎంత గట్టిగా ఉండాలో చూడాలంటే రండి, కలిపి చూపిస్తాం.