కౌన్సిల్‌మన్ పేరిట ఈత తరగతులు: 2024 జమా ఖర్చుల వివరణ

అమెరికాలో ఇండియానా రాష్ట్రం బ్లూమింగ్టన్‌లోని తెలుగు కుటుంబాలకు, విద్యార్థులకు, చందా ఇచ్చిన అందరికీ కమిటీ నమస్కారాలు. ఈత కోచ్ జేమ్స్ కౌన్సిల్‌మన్ పేరిట మనం నడిపిన ఈత తరగతుల నిధికి 2024 ఉగాది నుంచి డిసెంబర్ ఆఖరు దాకా పాత నిల్వతో కలిపి జమ అయినది 5,145 డాలర్లు. ఖర్చయినది 5,107. నిల్వ 38. ఏది ఎందుకు ఖర్చు పెట్టామో అడిగే హక్కు మీకుంది కాబట్టి కారణాలతో సహా రాస్తున్నాం.

ముందు జమ. పాత నిల్వ 218 డాలర్లు. కుటుంబాల చందాలు 3,870. ఉగాదికి పెట్టిన దోసెల స్టాల్‌లో సరుకుల ఖర్చు పోగా మిగిలింది 642. విద్యార్థులు ఐదూ పదీ చొప్పున ఇచ్చింది 415. ఫీజుల టెన్షన్ మధ్య, పార్ట్‌టైమ్ పని చేసి సంపాదించిన దాంట్లోంచి వాళ్ళు ఇచ్చిన సొమ్ము అది. సన్మానాలు, షీల్డులు, విందు భోజనం పెట్టుకుందామని కొందరు పెద్దలు అడిగినా మేం ఒప్పుకోకపోవడానికి మొదటి కారణం ఆ 415 డాలర్లే.

2023 ఏప్రిల్‌లో మన ఊరి పక్కనున్న మన్రో లేక్‌లో, ఇండియానా యూనివర్సిటీలో చదువుతున్న ఇద్దరు భారతీయ విద్యార్థులు మునిగి చనిపోయారు. మన పిల్లల్లో ఎంతమందికి ఈత వచ్చని అప్పుడు ఒకరినొకరం అడిగాం. జవాబు చెప్పుకోదగ్గది కాదు. ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం చేసి, ఇక్కడికొచ్చి ఎమ్మెస్ చేస్తున్నవాళ్ళు కూడా నడుము లోతు దాటితే బెదిరిపోతారు. ఈ నిధి అక్కడ మొదలైంది.

ఇక పేరు సంగతి. "మనవాళ్ళెవరూ లేరా, ఒక అమెరికా కోచ్ పేరు పెట్టారేంటి?" అని అడిగారు. మనం బతుకుతున్నది ఆయన ఊళ్ళో. జేమ్స్ కౌన్సిల్‌మన్ 1957లో ఇండియానా యూనివర్సిటీ ఈత జట్టుకు కోచ్‌గా వచ్చి 1990 దాకా, 33 ఏళ్ళు ఇక్కడే పనిచేశారు. ఇక్కడే 2004 జనవరిలో కన్నుమూశారు. అందరూ ఆయన్ని 'డాక్' అనేవారు, అయోవాలో డాక్టరేట్ చేసిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బాంబర్ పైలట్. 1968 నుంచి 1973 వరకు వరసగా ఆరేళ్ళు జాతీయ కాలేజీ టైటిల్, 1961 నుంచి 1980 వరకు వరసగా 20 సార్లు బిగ్ టెన్ (ఇండియానా కూడా ఉన్న యూనివర్సిటీల సంఘం) టైటిల్ ఆయన జట్టువే. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఏడు బంగారు పతకాలు గెలిచిన మార్క్ స్పిట్జ్ ఆయన దగ్గరే చదువుకుంటూ ఈదినవాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా వెళ్ళిన అమెరికా పురుషుల జట్టు 13 పోటీల్లో 12 గెలిచింది. ఆ 12లో ఒకటి వంద మీటర్ల ఫ్రీస్టైల్‌ను మొదటిసారి 50 సెకన్ల లోపు, 49.99లో ఈదిన జిమ్ మాంట్‌గోమరీది. అతనూ ఇక్కడి విద్యార్థే.

పతకాల కంటే మాకు నచ్చినది ఇంకొకటి. ఇక్కడి యూనివర్సిటీ ఫుట్‌బాల్ విభాగం నిబంధనలు దాటినందుకు 1960 నుంచి కొన్నేళ్ళు అన్ని ఆటల జట్లనూ జాతీయ పోటీల నుంచి దూరం పెట్టారు. దేశంలోనే గొప్ప ఈతగాళ్ళు చేతిలో ఉండి కూడా, తన తప్పేమీ లేకుండా, ఆయన వాళ్ళను ఆ పోటీలకు తీసుకెళ్ళలేకపోయారు. అయినా ఊరు వదిలి పోలేదు, శిక్షణ ఆపలేదు. ఆ ఏళ్ళు గడిచాకే ఆ ఆరు టైటిళ్ళు వచ్చాయి.

ఖర్చుల్లో పెద్దది పూల్ అద్దె. సెప్టెంబర్ నుంచి 16 శనివారాలు రెండేసి లేన్లు, లేన్‌కు 45 చొప్పున 1,440 డాలర్లు. నేర్పినవాళ్ళు ఇద్దరు, లైఫ్‌గార్డ్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు, రోజుకు ఒక్కొక్కరికి 40 చొప్పున 1,280. మనలోనే ఈత వచ్చినవాళ్ళు ఉచితంగా నేర్పుతామన్నారు. వాళ్ళ మంచి మనసుకు దండం. కానీ ఈదడం వేరు, భయపడేవాడికి నేర్పడం వేరు, ప్రాణం మీదికొస్తే కాపాడటం పూర్తిగా వేరు. ఇక్కడ డబ్బు మిగిల్చే ఆలోచన మాకు లేదు. ఇన్సూరెన్స్ 320 కూడా ఆ లెక్కలోదే.

వాటర్‌ప్రూఫ్ కెమెరా, సెకండ్ హ్యాండ్, 210 డాలర్లు. దీని మీద అభ్యంతరం వచ్చింది, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. డాక్ గొప్పతనమంతా నీళ్ళ కింద చూడటంలో ఉంది. ఈతగాళ్ళ చేతులకు చిన్న లైట్లు పెట్టి, చీకట్లో ఈదించి ఫొటోలు తీశారు. చెయ్యి తిన్నగా వెనక్కి పోతోందని అందరూ నమ్ముతుంటే, అది వంపులు తిరుగుతోందని ఆ ఫొటోల్లో తేలింది. ఆ వంపులకు ఆయన చెప్పిన భౌతికశాస్త్ర కారణాన్ని తర్వాతి పరిశోధకులు చాలావరకు సవరించారు. ఊహించి కాదు, చూసి నేర్పాలన్న ఆయన పద్ధతి మాత్రం నిలిచింది. మన తరగతిలోనూ అంతే జరిగింది. మోకాళ్ళు మడిచి సైకిల్ తొక్కినట్టు తంతున్నావని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. పది సెకన్ల వీడియో చూపిస్తే అక్కడికక్కడే సరిచేసుకున్నారు. వీడియోలు ఎవరివి వాళ్ళకు చూపించి వెంటనే తుడిచేశాం.

నిండు చేతుల ఈత దుస్తులు 14, ఒక్కోటి 38 చొప్పున 532 డాలర్లు. ఇవి పూర్తిగా ఆడవాళ్ళ కోసం, ముఖ్యంగా పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చిన అమ్మలు, అత్తగార్ల కోసం. "ఈ వయసులో నాకెందుకమ్మా" అన్నవాళ్ళందరికీ మేం ఒకటే చెప్పాం. డాక్ ఇంగ్లిష్ ఛానల్ ఈదింది 1979 సెప్టెంబర్‌లో. అప్పుడు ఆయనకు 58 ఏళ్ళు. 13 గంటలకు పైగా నీళ్ళలో ఉన్నారు, అప్పటికి ఛానల్ దాటినవాళ్ళలో ఆయనే పెద్దవాడు. ఇండియానాకు రాకముందు న్యూయార్క్ రాష్ట్రంలోని కోర్ట్‌లాండ్ కాలేజీలో ఆయన తయారుచేసిన జార్జ్ బ్రీన్ అయితే కాలేజీకి వచ్చాకే పోటీ ఈత మొదలుపెట్టి, 1956లో 1500 మీటర్ల ప్రపంచ రికార్డు పెట్టాడు. మనకు రికార్డులు అక్కర్లేదు. ఒక అత్తమ్మగారు డిసెంబర్ నాటికి వెల్లకిలా తేలుతూ లేన్ సగం దాటారు. ఆ 532 డాలర్లకు మాకు ఆ సగం లేన్ చాలు.

డైవింగ్ మీద ఖర్చు సున్నా. పిల్లలకు డైవింగ్ నేర్పించమని చాలామంది తల్లిదండ్రులు అడిగారు. ఇదే యూనివర్సిటీలో 1959 నుంచి 1989 దాకా డైవింగ్ కోచ్‌గా ఉన్న హోబీ బిల్లింగ్స్‌లీ పేరూ, డాక్ పేరూ కలిపే ఇక్కడి ఈత కేంద్రానికి పెట్టారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన లెస్లీ బుష్, కెన్ సిట్జ్‌బర్గర్ బిల్లింగ్స్‌లీ శిష్యులే. న్యూటన్ సూత్రాలను డైవర్లకు అర్థమయ్యేలా విప్పి చెప్పిన మనిషి. అలాంటివారి ఊళ్ళో ఉన్నామని తెలిసే మేం కాదన్నాం. బోర్డు మీది నుంచి దూకడం నేర్పాలంటే తగిన లోతు, దానికే శిక్షణ పొందిన కోచ్ ఉండాలి, మనకు రెండూ లేవు. లోతు నీళ్ళలోకి కాళ్ళు ముందుగా దూకి, పైకి వచ్చి, తేలి, గట్టు పట్టుకోవడం వరకే నేర్పించాం.

లైఫ్ జాకెట్లు 24, ఒక్కోటి 27 చొప్పున 648. లేక్‌కు వెళ్ళే విద్యార్థులకు ఇవి ఉచితంగా వాడుకోవడానికి ఇచ్చి, తిరిగి తీసుకుంటున్నాం. కొత్తగా దిగే విద్యార్థుల కోసం తెలుగులో వేసిన కరపత్రం 174. గాగుల్స్, కిక్‌బోర్డులు (పట్టుకుని ఈదే పలకలు) 187. డాక్ పుట్టినరోజు డిసెంబర్ 28న ఆయన జీవితం మీద పెట్టిన చిన్న ప్రదర్శనకు హాలు అద్దె 90, ప్రింట్లు, బోర్డులు 143. బ్యాంకు, ఆన్‌లైన్ చెల్లింపుల ఛార్జీలు 61. జెల్లీ బీన్స్ అనే చిన్న మిఠాయిలు 22. బాగా ఈదినవాళ్ళకు జెల్లీ బీన్స్ పంచడం డాక్ అలవాటు, ఆయన శిష్యులు పెద్దయ్యాక కూడా చెప్పుకున్న బహుమతి అది. మన దగ్గర మొదటిసారి మొహం నీళ్ళలో పెట్టిన ప్రతివాళ్ళకూ ఒక గుప్పెడు ఇచ్చాం.

ప్రతి రశీదు, బ్యాంకు స్టేట్‌మెంట్ కోశాధికారి దగ్గర ఫైల్లో ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు, చందా ఇవ్వనివాళ్ళు కూడా. 38 డాలర్లు వచ్చే ఏడు లెక్కలోకి తీసుకెళ్తున్నాం. చందాల జాబితాలో డాలర్లు వేయలేదు, పేర్లు మాత్రమే అక్షరక్రమంలో ఉన్నాయి, అది విద్యార్థులు కోరినందుకు. కొత్త తరగతులకు పేర్లు ఫిబ్రవరిలో తీసుకుంటాం. లేన్లు రెండే కాబట్టి అసలు ఈత రానివాళ్ళకే ముందు చోటు.

లైఫ్ జాకెట్లలో మూడు ఇంకా వెనక్కి రాలేదు. తీసుకున్నవాళ్ళు దయచేసి ఏప్రిల్‌లోపు తెచ్చివ్వండి, ఎండ రాగానే పిల్లలు లేక్‌కు బయల్దేరతారు.

కమిటీ తరఫున,
కార్యదర్శి, కోశాధికారి