గుడిస ఫోటోలు చూశాను

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిట్టికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని తలుస్తాను. ఫోన్ చేస్తే ‘మీటింగ్‌లో ఉన్నా, తర్వాత చేస్తా’ అని మెసేజ్ వస్తుంది. ఆ తర్వాత అనేది మాత్రం రాదు. అందుకే ఉత్తరం. దీన్ని కట్ చెయ్యలేవు కదా.

ముందే చెబుతున్నా, నిన్ను ఏమీ అడగడానికి రాయడం లేదు. నువ్వు గ్రూపులో పెట్టిన, మారేడుమిల్లి దగ్గరి గుడిస కొండ ఫోటోల గురించి రెండు మాటలు చెబుదామని, అంతే. ఇన్నేళ్లు మీ నాన్న తీసిన ఫోటోలు కడిగిన దాన్ని, ఫోటో కనపడితే నోరు ఊరుకోదు.

కొండ కింద మేఘాలు, వెనక సూర్యుడు, ముందు జీపు, దాని పక్కన నువ్వు. చోటు బాగుంది. కానీ తెల్లగా మెరవాల్సిన మేఘాలు ఉతకని పంచెలా ఉన్నాయి, నీ ముఖం పూర్తిగా నల్లగా పడింది. చిక్కావో ఒళ్లు చేశావో కూడా తెలియడం లేదు. ఇది కెమెరా బుద్ధి. దానికి తెలుపూ తెలీదు, నలుపూ తెలీదు. ఎదురుగా ఏమున్నా సరే, సగటున మధ్యరకం బూడిద రంగులో ఉంటుందని లెక్క వేసుకుంటుంది. ఫ్రేము నిండా మేఘం ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. అలాంటి చోట ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా లెక్కకి మనం వెలుగు పెంచే తగ్గించే సర్దుబాటు, ప్లస్ వన్ పెట్టుకోవాలి. సూర్యుడే ఫ్రేములో ఉంటే అదీ చాలదు, ఆకాశం కావాలో ముఖం కావాలో నువ్వే తేల్చుకోవాలి. రెండూ కావాలంటే ఆకాశానికి సరిపడా పెట్టుకుని, ముఖానికి కాస్త ఫ్లాష్ వెయ్యాలి. షట్టర్ వేగం మాత్రం 1/200 సెకను దాటనివ్వకు, చాలా కెమెరాల్లో అంతకు మించితే ఫ్లాష్ వెలుగు సగం ఫ్రేముకే పడుతుంది. ఇవేమీ వద్దనుకుంటే, సూర్యుడు కాస్త పైకొచ్చాక నువ్వే ఇటు తిరిగి నిలబడు. మాకు మేఘాలు లేకపోయినా పర్వాలేదు.

రెండో ఫోటో, వాగులో జీపు దిగుతున్నది, ఇంకా కష్టం. చెట్ల కింద చీకటి, మధ్యమధ్య ఆకుల్లోంచి ఎండ చుక్కలు. కెమెరా ఆ చీకటిని చూసి వెలుగు పెంచేసింది. బానెట్ మీద, నీళ్ల మీద ఎండ పడినచోటల్లా తెల్లటి మచ్చలు. ఫిలిం రోజుల్లో నెగటివ్ మీద వెలుగు రెండు మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకీ వెలుగు రెట్టింపు) ఎక్కువ పడ్డా నేను ప్రింటులో లాక్కొచ్చేదాన్ని. డిజిటల్‌లో తెల్లగా కాలిపోయిందంటే అక్కడ ఇక ఏమీ లేనట్టే, దేవుడు కూడా తేలేడు. అడవిలో మైనస్ పెట్టి తియ్యి, నీడలు తర్వాత పెంచుకోవచ్చు. లేదా మబ్బు పట్టేదాకా ఆగు. వెనక స్క్రీన్ చూసి బాగుందనుకోకు. తెల్లవారుజాము చీకట్లో ఏ ఫోటో అయినా స్క్రీన్ మీద వెలిగిపోతూ కనిపిస్తుంది, మిట్టమధ్యాహ్నం ఏదీ కనిపించదు. హిస్టోగ్రామ్ చూడు, ఫోటోలో చీకటి ఎంతో వెలుగు ఎంతో చూపే గ్రాఫు అది. కుప్ప కుడి గోడకి ఆనుకుంటే కాలిపోయినట్టు, ఎడమ గోడకి ఆనుకుంటే చచ్చిపోయినట్టు.

ఎడమ అంటే గుర్తొచ్చింది. జీపుకి ఎడమవైపు అద్దం మొదటి ఫోటోలో లేదు, రెండోదాంట్లో ఉంది. ఊరికే చూశాను. మీ నాన్న కూడా చూశారు. ఏమీ అనలేదు గానీ, మర్నాడు పొద్దున్నే పనేమీ లేకుండా ఆటోనగర్ వెళ్లి సైదులుని ఆ బండి అద్దం ఎంతవుతుందని అడిగి వచ్చారు.

పటమటలో మీ రాజ్యం పిన్ని వాళ్ల గృహప్రవేశానికి వెళ్లాం. ఇల్లు బాగానే కట్టారు, వంటగది మాత్రం ఇరుకు. భోజనాల దగ్గర పిన్ని పులిహోర వడ్డిస్తూ, ‘మీ అమ్మాయి జీపు మారేడుమిల్లి దగ్గర వాగులో పక్కకి ఒరిగిందటగా అక్కా, చెయ్యి ఎలా ఉంది?’ అంది. పది మంది మధ్య విస్తరి ముందు కూర్చున్న దాన్ని ఏమంటాను? ‘బాగానే ఉంది’ అన్నాను. ఆవిడ మాట నమ్మక్కర్లేదులే. మన శ్రీను సంబంధం తప్పిపోయిందని ఊరంతా చెప్పింది ఆవిడే, నెల తిరక్కుండా ఆ పెళ్లిలో ముందు వరసలో కూర్చుందీ ఆవిడే.

జీపు ఫోటోలంటే లంక పెళ్లివారి సంగతి నీకు చెప్పానో లేదో. చెప్పినా మళ్లీ విను. అప్పుడు స్టూడియో గవర్నర్‌పేటలో ఉండేది. ఒక పెళ్లివారు వచ్చి, పెళ్లికొడుకు కొత్తగా జీపు కొన్నాడు, కృష్ణలో ఇసుక మీద జీపుతో ఫోటోలు తియ్యాలన్నారు. వైశాఖం, బ్యారేజీ కింద నీళ్లు పాయలుగా ఉన్నాయి, మిగిలిందంతా ఇసుకే. కుర్రాడు రాకపోతే ఫ్లాష్ పట్టుకోవడానికి నన్ను రమ్మన్నారు మీ నాన్న. పొద్దున్నే తీద్దామంటే వాళ్లు టిఫిన్లు తిని, ముహూర్తాలు మాట్లాడుకుని బయల్దేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. నడినెత్తిన ఎండ. ఎవరి కళ్లు చూసినా నల్లటి గుంటలు. పెళ్లికొడుకు తెల్ల పట్టుపంచె, కింద తెల్లగా కాలుతున్న ఇసుక. దానికి తోడు జీపు చక్రాలు సగం దాకా దిగబడ్డాయి. అందరూ కలిసి తోస్తే ఇంకా దిగబడింది. చివరికి లంకలోంచి ఒకతను వచ్చి టైర్లలో గాలి తియ్యండ్రా అన్నాడు. గాలి తగ్గిస్తే టైరు వెడల్పై ఇసుక మీద నిలబడుతుందట. తాటాకులు పరిచి లాగితే వచ్చింది. మళ్లీ తారురోడ్డు ఎక్కే ముందు గాలి నింపుకోవాలి, అది మర్చిపోకు.

అంత గొడవలోనూ మీ నాన్న తొణకలేదు. చేతిమీటర్ తీసి పెళ్లికొడుకు గడ్డం దగ్గర పెట్టి చూశారు. కెమెరాలో మీటర్ అయితే వస్తువు మీంచి తిరిగొచ్చే వెలుగును చూస్తుంది, అందుకే తెల్ల ఇసుకకి మోసపోతుంది. చేతిమీటర్ ముఖం మీద పడే వెలుగునే కొలుస్తుంది. దానికి ఇసుకతో పని లేదు. ఇక కళ్ల కింద నీడలు. పెళ్లికొడుకు మేనమామ భుజాన తెల్లటి ఉత్తరీయం ఉంది. ‘బాబుగారూ, అది కాస్త విప్పి రెండు చేతులా చాచి ఇలా పట్టుకోండి’ అన్నారు. పాపం ఆయన, ఏదో ఆచారం అనుకుని పట్టుకున్నాడు. ఎండ దాని మీద పడి పెళ్లికొడుకు ముఖం మీదకి వచ్చింది. గుంటలు పోయాయి. రీలు అయిపోయేదాకా ఆయన్ని అలాగే నిలబెట్టారు. ప్రింట్లు తీసుకెళ్లిన మర్నాడు ఆయన స్టూడియో ముందు ప్రత్యక్షం. ‘మేనమామని, ఒక్క ఫోటోలోనూ నేను లేను. నా ఉత్తరీయం అంచు మాత్రం మూడింట్లో ఉంది’ అని అలిగి బెంచీ మీద కూర్చున్నాడు. కాఫీ ఇస్తే తాగలేదు. ఆ జీపునే స్టూడియో ముందుకి తెప్పించి, స్టీరింగు ముందు కూర్చోబెట్టి డబ్బులు తీసుకోకుండా తీశాం. అప్పుడు తాగాడు కాఫీ.

ఇది ఎందుకు చెప్పానంటే, మీ స్నేహితుల్లో ఎవరో ఒకరి చేతిలో తెల్ల తువ్వాలో, థర్మకోల్ ముక్కో పెట్టుకోవచ్చని. చేతిమీటర్ నీ దగ్గర ఉండదు. అరచెయ్యి చాలు. నువ్వు ఫోటో తీసే ఎండలోనే అరచేతిని చాచి, దాని మీద మీటర్ చూసి, ఒక స్టాపు ఎక్కువ ఇవ్వు. అరచెయ్యి మధ్యరకం కంటే దాదాపు అంత తెల్లగా ఉంటుంది. ఎడమ చెయ్యి చాచి కుడిచేత్తో కెమెరా పట్టుకోవాలి. చాచగలిగితేనే అనుకో.

వాగులో నీళ్లు ఎగిరే చుక్కలు ఆగినట్టు రావాలంటే షట్టర్ 1/1000 దాకా పెట్టు, అందుకు ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగుని పట్టే సున్నితం, పెరిగినా భయపడకు. బండితో పాటు కెమెరా తిప్పుతూ తీస్తే 1/60 చాలు, చక్రాలు తిరుగుతున్నట్టు వస్తాయి. ఇంజను ఆన్‌లో ఉన్నప్పుడు డోరు మీద చెయ్యి ఆనించి తియ్యకు, అదురుతుంది. దుమ్ములో లెన్సు మార్చకు. సెన్సార్ మీద పడ్డ నలక, లెన్సు కంత బాగా చిన్నదయ్యే ఎఫ్/16లో ఆకాశం మీద మచ్చై కూర్చుంటుంది. ఏసీ బండిలోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది, తుడవకు, సంచిలోనే కాసేపు ఉంచి తియ్యి.

వాగు దాటే ముందు మాత్రం ఎవరైనా కర్ర పట్టుకుని దిగి లోతు చూడాలి. నీళ్లు ఉరుకుతుంటే దిగనే వద్దు. తక్కువ గేరులో వెళ్లాలట, మధ్యలో గేరు మార్చకూడదట, ఒడ్డెక్కాక రెండుసార్లు బ్రేకు మెల్లగా నొక్కి తడి ఆరబెట్టాలట. సైదులు చెప్పాడని మీ నాన్న చెప్పారు. ఈ వయసులో ఆయనకి వాగులు దాటే ముచ్చటేమిటో నాకు తెలీదు. ఫోటో కోసం డోరు తీసుకుని బయటికి వేలాడే పిల్లని నువ్వు కావని నాకు తెలుసు. అయినా చెబుతున్నా, బెల్టు పెట్టుకో.

అసలు సంగతి. ఆ మేఘాల ఫోటోలో నీ ఎడమ చెయ్యి నీడలో కలిసిపోయింది. కంప్యూటర్‌లో వేసి వెలుగు ఎంత పెంచినా ముద్దముద్దగా నలుపే వస్తోంది. వాట్సాప్ ఫోటో పిండేసి పంపుతుంది. పైగా జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, అందులో నీడలకి దక్కేవి ఎన్ని? కెమెరా ఏమీ మార్చకుండా దాచే రా ఫైలు 14 బిట్లదైతే 16,384 మెట్లుంటాయి. రెండు స్టాపులు సుఖంగా పెంచొచ్చు. కాబట్టి ఆ రా ఫైలు మెయిల్‌లో పంపు, నేను సరిచేసి ఇస్తాను. ఏ రోజు తీశావో కూడా అందులో ఉంటుంది, అది నాకు అక్కర్లేదనుకో.

ఫైలు లేదంటావేమో. అయితే ఇంకోటి తీసి పంపు. మీ హాలు కిటికీ పక్కన నిలబడు, ఎండ నేరుగా పడకూడదు. ఫ్లాష్ వద్దు. ఫోన్ అయితే ముఖం మీద వేలు నొక్కి పట్టుకుని, సూర్యుడి గుర్తును కాస్త కిందికి జరపాలి. పొట్టిచేతుల చొక్కా వేసుకో. రెండు చేతులూ ముందుకి పెట్టు. లైటింగ్ ఎలా ఉందో చూడడానికే.

ఇక్కడ కార్తీకం కదా, తెల్లారకముందే దుర్గా ఘాట్ నిండా జనం. నాన్న చన్నీళ్ల స్నానం మానమంటే వినడం లేదు, దగ్గుతున్నారు. నీకు కట్టు కట్టించుకోవాల్సిన అవసరం ఏదైనా వచ్చి ఉంటే, మన శ్రీను మామగారు హైదరాబాద్‌లోనే ఎముకల డాక్టరు, మొహమాటపడకు. ఆయన మాకు చెప్పరు, నేను ఆయన్ని అడగను.

ఉసిరికాయ పచ్చడి పట్టాను, కంది పొడి కొట్టించాను. శనివారం రాత్రి బస్సులో వేస్తాం. డబ్బా బరువుగా ఉంది. నువ్వు ఎత్తకు, వాచ్‌మన్‌తో పైకి తెప్పించుకో. అతనికి ఓ చిన్న సీసా విడిగా కట్టాను, పేరు రాసి ఉంటుంది.

అమ్మ