మిగతా సగం వాక్యం కూడా చదవండి, అయ్యగారూ

సంపాదకులకు నమస్కారం.

భార్యను కొట్టిన భర్త, అనుమానంతో చంపిన భర్త అంటూ జిల్లా పేజీల్లో తరచూ ఏదో ఒక వార్త వస్తూనే ఉంటుంది. వాటిలో కులమూ మతమూ వెతకడం నాకు ఇష్టం లేదు, అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే. నేను క్రైస్తవురాలిని కాబట్టి మా మందిరాల సంగతి మాత్రం రాస్తాను.

మా వాళ్ళలో దెబ్బలు తిన్న ఆడపిల్ల ముందు వెళ్ళేది పోలీస్ స్టేషన్‌కి కాదు, మందిరం అయ్యగారి, అంటే పాస్టరుగారి, ఇంటికి. అక్కడ ఒక ప్రార్థన చేస్తారు, టీ ఇస్తారు, "ఓర్చుకో తల్లీ, ఉపవాసం ఉండు, దేవుడే మారుస్తాడు" అని ఆయన భార్య, అమ్మగారు, వీపు నిమిరి పంపిస్తారు. మా స్త్రీల కూడికలో నా పక్కన కూర్చునే ఒకామెకి మోచేతి కింద గాజులు విరిగి గుచ్చుకున్న గాట్లు ఉండేవి, పాతవి తెల్లబడి, కొత్తవి ఎర్రగా. మే నెలలో కూడా పొడుగు చేతుల జాకెట్టే వేసుకొచ్చేది, పాటల పుస్తకం అందుకునేటప్పుడు చెయ్యి పైకి జారితే గబుక్కున కొంగు కప్పుకునేది. ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆమెకే సర్దిచెప్పి ఇంటికి పంపారు. ఆమె భర్త మాత్రం ఆదివారం ముందు వరసలో కూర్చుని కానుక కవరు వేసి, బల్ల (ప్రభువు పేరున ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం) తీసుకుని వెళ్ళేవాడు. తాగుతాడని తెలిస్తే బల్ల ఆపుతారు, వేరే మతం అబ్బాయిని చేసుకున్న పిల్లకి ఆపుతారు, పెళ్ళాన్ని కొట్టాడని ఎవరికైనా ఆపగా నేను ఇంతవరకు చూడలేదు.

ఇదే అయ్యగార్లు బైబిల్లో మత్తయి సువార్త 5వ అధ్యాయం మీద గంటలు గంటలు ప్రసంగిస్తారు. అందులో యేసు నరహత్య చేయకూడదన్న ఆజ్ఞని తీసుకుని దాన్ని కోపం దాకా, నోటితో తిట్టే తిట్టు దాకా తెచ్చాడు. ఆ వెంటనే, కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చాక నీ మీద ఒకరికి విరోధం ఉందని గుర్తొస్తే ఆ కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు. శనివారం రాత్రి చెయ్యి చేసుకుని ఆదివారం పొద్దున కవరు వేసేవాడికి ఇంతకంటే సూటిగా ఇంకేం చెప్పాలండీ? ఆ కవరు వెనక్కిచ్చే ధైర్యం కమిటీకి ఉందా? (కవరు బరువుగా ఉంటే అసలే ఉండదు, అది ఇంకో ఉత్తరం.)

అదే అధ్యాయంలో మోహపు చూపు గురించి యేసు అన్న మాట సంగతీ అంతే. యవ్వనస్థుల కూడికల్లో ఆడపిల్లలకి చున్నీ ఎలా వేసుకోవాలో చెప్తారు గానీ, యేసు ఆ మాట అన్నది చూసేవాడితో, నీ కన్ను పెరికి పారెయ్యమని. అర్ధరాత్రి దాకా ఫోన్లో చూసేవి చూసి, పక్కనున్న భార్యని మనిషిగా చూడలేకపోతున్న మగవాళ్ళతో ఈ విషయం నోరు విప్పి మాట్లాడే అయ్యగారు ఎంతమంది ఉన్నారు?

ఇక పెళ్ళి. మోషే కాలం నుంచీ పరిత్యాగ పత్రిక, అంటే విడాకుల కాగితం, రాసి ఇచ్చే అధికారం మగవాడి చేతిలో ఉండేది. హిల్లేలు అనే రబ్బీ (యూదుల బోధకుడు) శిష్యులైతే వంట పాడుచేసినా భార్యని వదిలేయవచ్చు అనేవాళ్ళు. అలాంటి రోజుల్లో యేసు విడనాడటం కూడదని గట్టిగా అన్నాడంటే, ఆ మాట వల్ల ముందు అడ్డుకట్ట పడింది ఉత్తి పుణ్యానికి భార్యని వీధిలోకి గెంటే మగవాడికి. ఇప్పుడు అదే మాట పట్టుకుని, తన్నులు తింటున్న ఆడదాన్ని ఆ ఇంట్లోనే కట్టిపడేస్తున్నారు. పాత నిబంధనలో మలాకీ 2:16 ఎత్తుకుని "పరిత్యజించుట నాకసహ్యము" అని చదివి ఆపేస్తారు. అదే వచనం కిందికి చదవండి, బలాత్కారం, అంటే హింస, కూడా అసహ్యమనే ఉంటుంది. "లోబడియుండుడి" అని పెళ్ళికూతురికి చెప్పే, పౌలు రాసిన ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయంలో, దానికి పై వచనమే ఒకరికొకరు లోబడమంటుంది, ఇద్దరికీ కలిపి. పెళ్ళి ప్రసంగాల్లో అది ఎక్కడ తప్పిపోతుందో నాకు అర్థం కాదు.

చట్టం సంగతి కూడా మా వాళ్ళలో చాలామందికి తెలియదు, క్రైస్తవులకి విడాకులే లేవనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1869 నాటి విడాకుల చట్టంలో మొగుడికి భార్య వ్యభిచారం ఒక్కటి చూపిస్తే చాలు, భార్యకి మాత్రం అది చాలదు, దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేసి పోవడమో కూడా రుజువు చేయాల్సి వచ్చేది. 2001లో సవరించాక క్రూరత్వం ఒక్కటే అయినా భార్య కోర్టుకి వెళ్ళవచ్చు. విడాకులు మనస్సాక్షికి ఒప్పని వాళ్ళకీ దారి ఉంది: 2005 నాటి గృహహింస చట్టం కింద కాపురం తెంచుకోకుండానే రక్షణ ఉత్తర్వు అడగవచ్చు, అదే ఇంట్లో ఉండే హక్కు అడగవచ్చు. కొన్ని పరిస్థితుల్లో వేరుగా ఉండక తప్పదని, అది నైతికంగా అవసరం కూడా కావచ్చని పోప్ ఫ్రాన్సిస్ అంతటివారే 2015లో చెప్పారు. మన ఊరి అయ్యగారు ఆయనకంటే పెళ్ళిని ఎక్కువ కాపాడుతున్నారా?

పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు కదా, అభ్యంతరాలుంటే చెప్పమని. ఆ మూడు వారాల్లో పెళ్ళికొడుకుని ఒక్కణ్ణే కూర్చోబెట్టి కోపం గురించి, తాగుడు గురించి, కట్నం గురించి అడగండి. కౌన్సెలింగ్ ఉన్న చోట కూడా మాట్లాడేది ఎక్కువగా అమ్మాయి సర్దుబాటు గురించే. చెయ్యి చేసుకున్నాడని తెలిస్తే అతను మారాడని భార్య నోటితో, అతను పక్కన లేనప్పుడు, చెప్పేదాకా బల్ల ఆపండి. ఆమెని ఇంటికి పంపే ముందు మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు చేతిలో పెట్టండి, హింసకు గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సఖి కేంద్రానికి తోడు వెళ్ళండి, ఆ తర్వాత ప్రార్థన ఎంతసేపైనా చేసుకోవచ్చు. మీకు కూడా ఒక విన్నపం, సంపాదకులుగారూ, ఇలాంటి వార్త వేసినప్పుడల్లా దాని కిందే ఆ 181 నంబరు కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి.

— ఒక పాఠకురాలు, తెనాలి